తేనెటీగలకు చెప్పని చావు

ఇంతదాకా కథ తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, తెలియనివాళ్ళకు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. స్పెయిన్‌ను దాదాపు నలభై ఏళ్ళు ఏలిన ముసలి జనరల్ పోయాక, దాని ఉత్తరాన ఉన్న మా బాస్క్ నేలకు మా ప్రభుత్వం మళ్ళీ వచ్చింది. దానితోపాటు మా సొంత పోలీసూ మళ్ళీ పుట్టింది. మొదటిసారి అది పుట్టింది ముప్పై ఆరులో, యుద్ధం నడిమధ్యలో. అప్పుడు అందులో చేరిన నా మొగుడు బలెందిన్, మరుసటి జూన్‌లో ఇదే వాకిలి దాటి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇప్పుడు నా మనవడు ఓయెర్ అదే దళంలో చేరాడు. రేపు ఆదివారం ప్రమాణం. ‘అమ్మమ్మా, నువ్వు రావాలి’ అని వాడు వాకిట్లో నిలబడి అడిగితే, ‘ఆ పోలీసు టోపీ పెట్టుకున్న నిన్ను నేను చూడను’ అని వాడి మొహం మీదే తలుపు వేశాను. ఈ శనివారం మధ్యాహ్నం, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన కొండెక్కి మా ఇంటికి వచ్చి తేనె కావాలన్నాడు. కానీ ఆయన చూపు తేనె మీద లేదు. పెరట్లో తేనెపెట్టెల మీద ఉంది. వాటి మీద దేనికోసమో వెతుకుతోంది.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

“తేనె కావాలంటే తేనె చూడాలి. పెట్టెలు అమ్మకానికి లేవు,” అన్నాను.

“పెట్టెల్ని చూస్తేనేగా అమ్మా తేనె ఎలాంటిదో తెలిసేది.” నవ్వాడు. మా భాషే, కానీ ఏదో తేడాగా ఉంది. చాలాకాలం బీరువాలో పెట్టి తీసిన కోటు వాసనలాంటి తేడా.

“ఎక్కడి నుంచి?”

“కింద నుంచి.”

“కింద నుంచని నాకూ కనిపిస్తోంది. ఆకాశం నుంచి ఎవరూ దిగరు.”

లోపలి నుంచి మా అమ్మాయి గర్బిన్యే గట్టిగా నవ్వింది. “అమ్మా, పెద్దాయన్ని గుమ్మంలో నిలబెట్టి ఏంటా విచారణ? రేపు ప్రమాణం చేసేది ఓయెరా, నువ్వా? రండయ్యా, కూర్చోండి. ఆపిల్ సైడరు తాగుతారా?”

గర్బిన్యేకు భయం తెలియదు. నేనేమో కొత్త మనిషి వస్తే ముందు చెప్పులు చూసే కాలంలో బతికాను. పట్నం చెప్పులేసుకుని రైతులా మాట్లాడేవాడు వచ్చాడంటే, వాడు వెళ్ళిన వారానికి ఊళ్ళో ఎవరో ఒకరు కనబడకుండా పోయేవారు. ఈయన చెప్పులు చూశాను. అరిగిపోయి, బాగుచేయించి, మళ్ళీ అరిగినవి. లోపలికి రానిచ్చాను.

పొయ్యి మీద నల్ల చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. గర్బిన్యే తేనె గిన్నె, మొక్కజొన్న రొట్టె పెట్టింది. చెంచాతో కొంచెం నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

“కొండపొద పూల తేనె,” అన్నాడు. “చెప్పినట్టే ఉంది.”

“ఎవరు చెప్పినట్టు?”

ఆయన కిటికీలోంచి మళ్ళీ పెరటివైపు చూశాడు. “పెట్టెల మీద నల్లగుడ్డ కప్పేవారు కదమ్మా. తీసేశారా?”

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఇళ్ళలో యజమాని పోతే ఆ వార్త ముందు చేరాల్సింది తేనెటీగలకు. ఇంటావిడ వెళ్ళి పెట్టె మీద వేలి కణుపుతో తట్టి, మీ యజమాని పోయాడు, ఆయన దీపానికి మైనం చేయండి అని చెప్పాలి. పెట్టెల మీద నల్లగుడ్డ కప్పాలి. చెప్పకపోతే అవి అలిగి ఎగిరిపోతాయంటారు. మాకు తప్ప ఆ గుడ్డ సంగతి ఎవరికి తెలుస్తుంది? అది కప్పింది ఎప్పుడో. చూసినవాళ్ళలో సగంమంది పోయారు.

“ముప్పై ఏడులో కప్పాం. ఏడాది తిరగ్గానే తీశాం. నలభై ఏళ్ళ కిందటి గుడ్డతో మీకేం పని?”

“ఏడాదికే తీశారా!”

“ముసలాయన పోతే ఏడాదే. ఇంకెన్నాళ్ళుంచుతారు?”

“ముసలాయనా? ఏ ముసలాయన?”

“మా మామగారు. ఆ శరత్కాలంలో పోయారు. అత్తగారు మంచంలో ఉంటే నేనే వెళ్ళి పెట్టెలకు చెప్పాను. నేనే కప్పాను.”

ఆయన చేతిలోని చెంచా బల్ల మీద పడింది. తేనె కారి చెక్క నెరియలోకి పాకింది. ఎవరమూ తుడవలేదు. నోరు తెరిచి నా వైపే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు భుజాలు కదిలాయి, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నవ్వు మాత్రం ఆగలేదు.

“మామగారి కోసం!” అన్నాడు. “ఓరి దేవుడా, మామగారి కోసమట! మత్తిన్ గాడు చచ్చి ఏ నరకంలో ఉన్నాడో గానీ, వాణ్ణి బయటికి లాగి మళ్ళీ చంపాలి!”

“అమ్మా, ఈయనకి సైడరు ఎక్కినట్టుంది,” అంది గర్బిన్యే. నిజానికి ఆయనింకా గ్లాసు ముట్టుకోలేదు.

నేను పొయ్యి దగ్గర్నుంచి కదిలి ఆయనకెదురుగా వచ్చాను. కోపమో, భయమో, ఇంకేమిటో. “ఎవరు మీరు? ఎవరి కోసమనుకున్నారు ఆ గుడ్డ?”

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “నా పేరు కోస్మె. ముప్పై ఆరులో బిల్బావోలో మన దళం పెట్టినప్పుడు, మోటారు సైకిళ్ళ జట్టులో మొదట చేరినవాళ్ళలో నేనొకణ్ణి. నా పక్క బండి నీ మొగుడిది, చెల్లెమ్మా.”

చెల్లెమ్మా అన్నాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ మాట ఎవరైనా అనొచ్చు. మా వెతలు తెలుసుకుని వచ్చి, పోయినవాళ్ళ స్నేహితులమని చెప్పి, భోజనం చేసి, పిల్లల పేర్లు అడిగి పోయినవాళ్ళు నాకు తెలుసు.

“నా మొగుడి కుడి కనుబొమ మీద గాటు ఉండేది,” అన్నాను. “ఎలా వచ్చిందో చెప్పు.”

ఊరంతటికీ తెలిసిన జవాబు ఒకటుంది: తూటా రాసుకుపోయింది. బలెందిన్ సైడరు అంగట్లో అందరికీ అదే చెప్పాడు. రెండో జవాబు నాకొక్కదానికే చెప్పాడు.

కోస్మె ముఖం మెల్లగా విప్పారింది. “తూటా అని చెప్పాడా మీకు?”

“నువ్వు చెప్పు.”

“మమ్మల్ని ఎలా ఎంచారో తెలుసా? పొడుగు చూసి. అంతే! పాలు పితికేవాళ్ళూ, గొర్రెలు కాసేవాళ్ళూ. గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగుంటే చాలు, పోలీసే. తోలు కోట్లిచ్చారు, మోటారు సైకిళ్ళిచ్చారు. ఎద్దుబండి తప్ప తోలనివాళ్ళం! మొదటిరోజు ఊళ్ళో మమ్మల్ని చూడ్డానికి జనం వీధి పొడుగునా నిలబడ్డారు. మన భాష మాట్లాడే పోలీసు! ముసలమ్మలు ముద్దులు విసిరారు. బలెందిన్ అది చూసి ఛాతీ విరిచాడు. బ్రేకు మర్చిపోయాడు. తిన్నగా పోయి సార్డీన్ చేపల బుట్టల్లో పడ్డాడు. బుట్ట అంచు కోసుకుని కనుబొమ చిట్లింది. ఆ చేపలమ్మి ఊరుకుందా? చేప తోక పట్టుకుని చెంపలు వాయించింది! ‘పోలీసువైతే నాకేంటిరా, బుట్ట డబ్బు కక్కు!’ వారం రోజులు వాడి పక్కన ఎవరూ పడుకోలేదు, ఆ కంపుకి.”

గర్బిన్యే పగలబడి నవ్వింది. నేను బల్ల పట్టుకుని కూర్చున్నాను. అవును, చేపలమ్మి. చీకట్లో చెవిలో చెప్పి, ‘ఎవరికైనా చెప్పావో, ఈ ఊళ్ళో తలెత్తుకోలేను’ అన్నాడు.

“చెప్పు,” అన్నాను. “నువ్వు చూశావా? వాణ్ణి గోడకు నిలబెట్టి కాల్చారంటారే, అది చూశావా? నా కళ్ళలోకి చూసి చెప్పు. శవం చూడనిదే తేనెటీగలకు చెప్పనని నేను ఒట్టు పెట్టుకున్నాను. అత్తగారు పోయేదాకా తిట్టింది. ‘పిచ్చిదానా, వాడి ఆత్మకు దీపం లేకుండా చేశావు’ అంది. పాదిరీ తిట్టాడు. ఊరు నవ్వింది. అయినా ఆ మాట నేను చెప్పలేదు. చూసినవాడివైతే చెప్పు. ఇవాళే వెళ్ళి తట్టి చెప్పేస్తాను. నాకూ వయసైపోయింది.”

కోస్మె నవ్వు ఆగిపోయింది. ముందుకు వంగాడు.

“బిల్బావో ఆ జనరల్ సైన్యం చేతిలో పడిపోతున్న రాత్రి సంగతి నీకు తెలుసుగా. అందరూ పడవలెక్కి పోతున్నారు. జైళ్ళ నిండా అవతలి పక్షం మనుషులు. మనల్ని చంపినవాళ్ళ అన్నలూ, తమ్ముళ్ళూ. ఊరు వదిలి పోతూ జనం జైలు మీద పడితే ఒక్కడు మిగలడు. పైనుంచి మాకో మాట వచ్చింది. ఖైదీల్ని ప్రాణాలతో యుద్ధం గీత దాటించి అవతలివాళ్ళకు అప్పగించి రావాలని. మాలో ఒకడన్నాడు, వాళ్ళు మనల్ని ఇలా చూస్తారా అని. బలెందిన్ ఏమన్నాడో తెలుసా? ‘వాళ్ళు పోలీసులు కారు, మనం పోలీసులం’ అన్నాడు. అంతే, ఇంకెవరూ నోరెత్తలేదు. చేపల బుట్టలో పడినవాడేనా అనిపించింది నాకు. తీసుకెళ్ళి అప్పగించాం. తిరిగి వచ్చేలోపు మాలో చాలామంది దొరికిపోయారు. వాళ్ళని గోడకు నిలబెట్టిన మాట నిజం.”

“మరి వాడు?”

“వాడు వాళ్ళలో లేడు.”

పొయ్యి మీద చిక్కుళ్ళు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

“మేమిద్దరం చేపల పడవలో సరిహద్దు దాటాం. ఫ్రాన్సు వైపు బయోన్‌లో ఓ గొడ్ల పాకలో తలదాచుకున్నాం. శరత్కాలంలో మత్తిన్ అనే దొంగసరుకు రవాణావాడు కొండ దాటి ఇటు వస్తున్నాడని తెలిసింది. బలెందిన్ వాణ్ణి బతిమాలాడు. ‘ఇంటి తలుపు తట్టకు, ఎవర్నీ ఏమీ అడక్కు. దారిలోంచి మా ఎలోర్ది ఇంటిని చూసి, చూసింది నాకు చెప్పు చాలు’ అన్నాడు. ఎందుకో నీకు తెలుసు. మావాళ్ళు బతికి ఉన్నారని తెలిస్తే ఇళ్ళల్లో ఆడవాళ్ళని ఏం చేసేవారో నీకే బాగా తెలుసు.”

తెలుసు. పక్క ఇంటి కోడలికి తల గొరిగి సంతలో తిప్పారు.

“మత్తిన్ తిరిగొచ్చి చెప్పాడు. తేనెపెట్టెల మీద నల్లగుడ్డ ఉంది. చిన్నావిడ నల్లబట్టల్లో ఉంది. స్వయంగా పెట్టెలు తట్టి చెబుతుంటే నా కళ్ళతో చూశాను అన్నాడు.”

నాకప్పుడు అర్థమైంది.

“బలెందిన్ ఆ రాత్రంతా పాక బయటే కూర్చున్నాడు,” అన్నాడు కోస్మె. “మర్నాడు నాతో అన్నాడు. ‘నా పెళ్ళాం కట్టలిన్ నన్ను సాగనంపేసింది. మంచిదే. చచ్చినవాడి పెళ్ళాం జోలికి ఎవరూ రారు. తేనెటీగలకు చెప్పేశాక ఇంక ఆ ఇంటికి నేను లేను. వయసులో ఉంది, ఇంకొకణ్ణి కట్టుకుంటుంది. బతికున్న దెయ్యంలా వెళ్ళి దాని గుమ్మంలో నిలబడనా?’ తర్వాత ఓడెక్కి సముద్రం అవతల కరకాస్ పోయాం. ముసలితనంలో బయోన్ తిరిగొచ్చాం. నీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ ఏ ఊళ్ళో ఉన్నా కొండపొద పూల తేనె కోసం వెతికేవాడు. ఏదీ నచ్చేది కాదు.”

“వెతికేవాడు,” అన్నాను. “వెతికేవాడు అంటున్నావు. పోయాడా?”

“పోయాడని నేనన్నానా?” కోస్మె చేతులు చాచాడు. “గస్తైస్ పట్నంలో హోటలు గదిలో కూర్చుని చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు! రేపు కొత్తవాళ్ళ ప్రమాణానికి పాతవాళ్ళని పిలిచారు, మిగిలిన గుప్పెడుమందినీ. కొండెక్కి రమ్మంటే కాళ్ళు రావడం లేదన్నాడు. ‘నువ్వు వెళ్ళు. ఇల్లు ఉందో లేదో చూడు. పెట్టెలు ఉంటే తేనె కొనుక్కురా. పేరు చెప్పకు’ అన్నాడు.”

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. మాడిపోయిన చిక్కుళ్ళ గిన్నె దించి, మళ్ళీ పొయ్యి మీదే పెట్టాను.

“ఎద్దు!” అన్నాను. “నల్లగుడ్డ చూసి నన్ను వదిలేస్తాడా! తండ్రి ముసలివాడని వాడికి గుర్తు లేదూ? ముసలాళ్ళు పోతారని తెలీదూ? పొడుగు చూసి ఎంచారట! పొడుగు కాదు, బుర్ర చూసి ఎంచాల్సింది! ఒక్క ముక్క... ఒక్క ముక్క రాసి ఉంటే చాలుగా!”

“రాస్తే నీ తల గొరిగేవారు, చెల్లెమ్మా.”

“గొరగనీ! జుట్టు మళ్ళీ వస్తుంది!”

అరుస్తున్నానని నాకప్పుడు తెలిసింది. గర్బిన్యే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దాని ముఖంలో నవ్వు ఎప్పుడో పోయింది.

“అయ్యా,” అంది నెమ్మదిగా, “ఆయనకు నా సంగతి తెలుసా?”

“నువ్వెవరమ్మా? నేను... మీ అమ్మ రెండో పెళ్ళి కూతురివనుకుని...”

“ఏ రెండో పెళ్ళి? వాడు వెళ్ళిన తర్వాతి చలికాలంలో పుట్టింది,” అన్నాను. “వెళ్ళేప్పటికి నాకే ఖాయం కాలేదు. తిరిగొచ్చాక చెబుదామనుకున్నాను. ‘రేపు వస్తా’ అన్నాడు. తేనెపట్టు ముక్క క్యాబేజీ ఆకులో చుట్టిచ్చాను, దారిలో తినమని.”

కోస్మె గర్బిన్యే వైపు చూశాడు. కుర్చీలోంచి లేచి, చేతికర్ర మర్చిపోయి, దాని దగ్గరకు వెళ్ళి కనుబొమలు చూశాడు. “అవే,” అన్నాడు. “దేవుడా, గాటు ఒక్కటే తక్కువ.”

అది ఏడవలేదు. ఆలోచిస్తోంది. మా గర్బిన్యేకు అన్నిటికంటే ముందు లెక్కే తోస్తుంది.

“రేపు ప్రమాణం ఎలా జరుగుతుంది? పాతవాళ్ళు ఏం చేస్తారు?”

“అందరూ ప్రమాణం చెప్పాక, కొత్తవాళ్ళ వరసలో మొదటివాడి తలకి పాతవాళ్ళలో పెద్దవాడు ఎర్రటోపీ పెడతాడు. అప్పటి దళం ఇప్పటి దళానికి ఇచ్చినట్టు. తర్వాత మిగతావాళ్ళు తమ టోపీలు తామే పెట్టుకుంటారు. బలెందిన్‌నే ఎంచారు.”

“వరస ఎలా నిలబెడతారు?”

“పాత పద్ధతేగా, పొడుగు చూసి...”

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. మా ఇద్దరి ముఖాలు చూశాడు.

“అమ్మా,” అంది గర్బిన్యే, “ఓయెర్ పోయిన వారం ఏమన్నాడు? జట్టులో అందరికంటే నేనే పొడుగు, నా పక్కన ఎవరూ నిలబడ్డానికి ఒప్పుకోవడం లేదు అనలేదూ?”

వాడి ఇంటిపేరు వాడి తండ్రిది. పేరు పిలిస్తే బలెందిన్‌కు ఏమీ తెలియదు. టోపీ పెడతాడు, చెయ్యి కలుపుతాడు, వెళ్ళిపోతాడు.

“వెంటనే వెళ్ళిపోతాడు కూడా,” అన్నాడు కోస్మె. “బయోన్‌కు కారు మాట్లాడుకున్నాడు. ‘టోపీలు చూసి బయల్దేరతాను, ఇటువైపు ఇంకో రాత్రి పడుకోను’ అంటున్నాడు. కింద సైడరు అంగట్లో ఫోన్ ఉందిగా? ఇప్పుడే చెబుదాం.”

“వద్దు,” అన్నాను.

“అదేంటి చెల్లెమ్మా!”

“అంగట్లో పేకాడేవాళ్ళందరి మధ్యా నిలబడి, తీగలో అరిచి, నేను నిన్ను చంపలేదురా అని చెప్పనా? చూసినవాడు చెప్పిన మాట నమ్మే ఇంతదాకా వచ్చింది. ఈసారి ఎవరూ చూసి చెప్పక్కర్లేదు. నేనే వెళ్తాను.”

“నువ్వు రానన్నావుగా?” అంది గర్బిన్యే. “ఆ టోపీని చూడనన్నావుగా?”

“టోపీని చూడ్డానికి కాదు వెళ్ళేది,” అన్నాను. కానీ అది పూర్తి నిజం కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. వాడి మొహం మీద తలుపు వేసినప్పటినుంచీ ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. ఒకణ్ణి నవ్వుతూ పంపితే రాలేదు. ఇంకొకణ్ణి తిట్టి పంపాను. దేనికి ఏది ఫలితమో చెప్పేవాళ్ళెవరు?

కిందికి వెళ్ళే ఆఖరి బస్సు అప్పటికే పోయింది. కోస్మె మా ఇంట్లోనే పడుకున్నాడు.

తెల్లారగానే పెరట్లోకి వెళ్ళాను. మంచు గడ్డి మీద తెల్లగా ఉంది. తేనెటీగలు ఇంకా లేవలేదు. పెట్టెలోపల సన్నగా ఒక ఊపిరిలాంటిది వినిపిస్తోంది. వేలు మడిచి తట్టబోయి ఆగాను. చావు చెప్పడానికి మాటలున్నాయి. పెళ్ళి చెప్పడానికీ ఉన్నాయి. ఇలాంటి వార్తకు మా పెద్దవాళ్ళు మాటలు పెట్టిపోలేదు. ఎవరికీ అవసరం పడలేదేమో.

తట్టాను. “చిన్నమ్మలూ,” అన్నాను, “మీ యజమాని బతికే ఉన్నాడు. మైనం అక్కర్లేదు. తేనె కావాలట.”

చివరి పెట్టెలోంచి తేనెపట్టు ముక్క ఒకటి కోసి క్యాబేజీ ఆకులో చుట్టాను.

ఇంట్లోకి వస్తే కొత్త గొడవ. నల్లవి తప్ప నాకు బట్టలు లేవు. మామగారికి, అత్తగారికి, తర్వాత అల్లుడికి. ఒకరి తర్వాత ఒకరికి కట్టిన నలుపు నా ఒంటికే అంటుకుపోయింది. గర్బిన్యే తన నీలం తలగుడ్డ తెచ్చి కట్టింది.

“నీలం నాకు బాగుంటుందా?”

“పెళ్ళికూతురిలా ఉన్నావు.”

“నోరుముయ్యి. నల్లది చూసి మళ్ళీ పారిపోతాడేమోనని కట్టుకుంటున్నాను.”

రొట్టెల వ్యాను నడిపే ఇమనోల్ ఆదివారమైనా బండి తీశాడు. వెనక ఖాళీ రొట్టె బుట్టల మధ్య గర్బిన్యే, ముందు నేనూ కోస్మె. “పెద్దమ్మా, కాస్త గట్టిగా పట్టుకో, ఇవాళ ఈ బండి గాడిద కాదు, గుర్రం!” అని అరిచాడు. దారి పొడుగునా కార్లు. కిటికీల్లోంచి ఎర్ర, తెలుపు, పచ్చ రంగుల మా జెండాలు ఊపుతున్నారు. నిన్నమొన్నటిదాకా ఆ జెండా పరుపు కింద దాచుకుంటేనే జైలు. ఎవరో ముసలాయన రోడ్డు పక్క నిలబడి పోయే ప్రతి బండికీ టోపీ ఎత్తుతున్నాడు, పెళ్ళివారిని పలకరించినట్టు.

మలుపులో ఆకుపచ్చ దుస్తుల మాడ్రిడ్ పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. నేను తల దించుకున్నాను. చిన్నప్పటినుంచీ అంతే. తుపాకీ భుజాన వేసుకున్న కుర్రాడు తల లోపలికి పెట్టి నా ఒళ్ళో ఆకు మూటేమిటని అడిగాడు. వాడి భాషలో నాకొచ్చిన నాలుగు మాటల్లో ఒకటి చెప్పాను. తేనె.

“ఎవరికి?”

“మా ఆయనకి.”

వాడు నా నీలం గుడ్డ చూసి చిన్నగా నవ్వాడు. “వెళ్ళమ్మా, కారిపోతుంది,” అన్నాడు. వాడికీ ఎక్కడో ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది.

గస్తైస్ పక్కన, ప్రమాణం జరిగే అర్కౌతే మైదానంలో అడుగు పెట్టే చోటు లేదు. పిల్లనగ్రోవులు, డప్పులు మోగుతున్నాయి. కోస్మెను పాతవాళ్ళ కుర్చీలవైపు పంపించారు. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, “నేనేం చెప్పను. నీ మాట నువ్వే చెప్పుకో,” అన్నాడు. మమ్మల్ని జనంతోపాటు తాడు వెనక నిలబెట్టారు. గర్బిన్యే మోచేతులతో దారి చేసి నన్ను తాడు దగ్గరకు తోసింది.

కొత్తవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మొదటివాడు ఓయెర్. పక్కవాడు వాడి చెవి దాకా వస్తాడు. మా భాషలో, పెద్దగొంతుతో, అందరూ కలిసి ప్రమాణం చెప్పారు. మా దళం పేరు, ఎర్త్సైంత్సా, అంటే జనానికి కాపలా అని నాకు ఎప్పటినుంచో తెలుసు. అన్ని గొంతులు ఒక్కసారి అంటే అది వేరే మాటలా వినిపించింది. పక్కనున్న ఎవరో ఆవిడ బొటబొటా ఏడుస్తోంది. నేను ఏడవలేదు. నాకు వెతుక్కోవాల్సిన మనిషి ఉన్నాడు.

ఒక ముసలాయన కుర్చీలోంచి లేచి మైదానం మధ్యకి నడిచాడు. తెల్లజుట్టు. వంగిన వీపు. నేను చూశాను. ఎంత చూసినా గుర్తు పట్టలేకపోయాను. నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ నేను పెట్టెలకు చెప్పకుండా దాచుకున్నది ఇరవై అయిదేళ్ళ మనిషిని. ఈయనెవరు? కోస్మె పొరబడ్డాడా? ఇంకో ఎలోర్ది, ఇంకో బలెందిన్, ఇంకో చేపలమ్మి ఉన్నారా లోకంలో?

ఎవరో పళ్ళెంలో ఎర్రటోపీ అందించారు. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని పైకెత్తాడు. పెట్టబోతూ, టోపీ మీద మెల్లగా ఊదాడు. దుమ్ముందని కాదు. పెదాలు కొంచెం తెరిచి, ఎడమ నుంచి కుడికి, వెచ్చగా, నెమ్మదిగా. తేనెపట్టు చేతిలోకి తీసుకున్నప్పుడు, ఒక్క ఈగకూ నొప్పి తగలకుండా పక్కకు జరగమని ఊదినట్టు.

అలా ఊదే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

నా చేతిలో ఆకు మూట నలిగింది. తేనె వేళ్ళ మధ్య నుంచి మణికట్టు దాకా కారుతోంది. గర్బిన్యే నా భుజం పట్టుకుంది. “అమ్మా, ఆయనేనా? అమ్మా!”

ఆయన ఓయెర్ ముఖంలోకి తలెత్తి చూశాడు. చూపు కనుబొమల దగ్గర కాస్త ఆగినట్టనిపించింది. మా వాళ్ళు కొత్త కుర్రాణ్ణి చూస్తే పేరు అడగరు, ఇల్లు అడుగుతారు. మైకు దగ్గర్లోనే ఉంది. ఆ గొంతు మైదానమంతా వినిపించింది. ముసలిదైనా, అదే గొంతు.

“ఏ ఇంటివాడివి, నాయనా?”

“ఎలోర్ది,” అన్నాడు ఓయెర్.

ఎర్రటోపీ వాడి తలకు జానెడు ఎత్తున ఆగిపోయింది. డప్పువాడు కర్ర ఎత్తిపట్టుకుని చూస్తున్నాడు. కుర్చీల్లో కోస్మె రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“ఎలోర్ది,” అన్నాడు ముసలాయన. “ఆ ఇంట్లో... ఇప్పుడెవరున్నారు?”

“మా అమ్మ, మా అమ్మమ్మ.” ఓయెర్ చూపు దించుకున్నాడు. “అమ్మమ్మ రాలేదండీ. రానంది.”

నేను తాడు కిందకి వంగాను. కాపలాగా నిలబెట్టిన కొత్త పోలీసు కుర్రాడు పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. “అమ్మా, ఇటు రాకూడదు, అమ్మా!” మా భాషలో, మర్యాదగా, గట్టిగా. వాడి మొదటి డ్యూటీ అది. ఆ చేతిని తేనె కారే నా చేత్తో పక్కకు తోశాను.